‘ప్రీమియం’ ఇ-లిక్విడ్లు: లేబుల్ చెప్పే మాట, సీసాలోని పదార్థం

వ్యాససంగ్రహం:

ఇ-సిగరెట్లలో వాడే ద్రవాలను ఇ-లిక్విడ్లు అంటారు. వీటిలో కొన్ని ‘ప్రీమియం’ అనే పేరుతో, ఎక్కువ ధరకు, ఆకర్షణీయమైన సీసాల్లో అమ్ముడవుతున్నాయి. ఆ పేరు సూచించే నాణ్యత వాస్తవంగా ఆ ద్రవంలో ఉన్నదా అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లేబుళ్లపై కనిపించే మాటలను పరీక్షకు నిలిచేవి, పరీక్షకు అందనివి అని రెండుగా విభజించి, ఒక్కొక్క మాట ఏ విషయానికి హామీ ఇస్తున్నదో వివరిస్తుంది. ఈ మాటలు చాలావరకు సీసాలో పోసిన ముడిపదార్థాలకు సంబంధించినవేననీ, పీల్చేవారి ఊపిరితిత్తులకు చేరే ఆవిరికి సంబంధించినవి కావనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇ-లిక్విడ్, ప్రీమియం, ప్రకటనల భాష, నికోటిన్, డైఎసిటైల్, లేబుల్, వినియోగదారుడు.

1. ఉపోద్ఘాతం:

చైనా ఔషధశాస్త్రవేత్త హాన్ లిక్ 2003లో రూపొందించిన ఆధునిక ఇ-సిగరెట్ ఆ మరుసటి సంవత్సరమే ఆ దేశపు మార్కెట్‌లోకి వచ్చింది. తొలినాళ్ల పరికరాలు సిగరెట్‌ను పోలి ఉండేవి. వాటిలోని ద్రవానికి ప్రత్యేకమైన గుర్తింపు ఉండేది కాదు. పరికరంలో ద్రవాన్ని వినియోగదారుడే నింపుకొనే పద్ధతి వ్యాపించిన తరువాత ద్రవమే ఒక స్వతంత్రమైన సరుకుగా మారింది. అమెరికా, బ్రిటన్ దేశాల్లో దాని చుట్టూ ఒక కొత్త వ్యాపారం పెరిగింది. ముదురురంగు గాజుసీసాలు, మద్యం పేర్లను తలపించే రుచుల పేర్లు, ‘చేతితో తయారుచేసినది’, ‘చిన్నచిన్న విడతల్లో చేసినది’ వంటి వర్ణనలు ఆ వ్యాపారంలో భాగమయ్యాయి.

సిగరెట్ మానాలనుకొనే వ్యక్తి రెండు సీసాల ముందు నిలబడి, ధర ఎక్కువ ఉన్నదానిని ఎంచుకొన్నాడనుకొందాం. అతడు రుచికోసం మాత్రమే ఆ అదనపు సొమ్ము చెల్లించడు. ఖరీదైనది కనుక తన ఒంటికి తక్కువ హాని చేస్తుందనే నమ్మకానికి కూడా చెల్లిస్తాడు. ఆ నమ్మకానికి ఆధారమున్నదా లేదా అన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం.

2. ‘ప్రీమియం’ - పదం, పరిధి:

‘ప్రీమియం’ అనే పదానికి మూలం లాటిన్ భాషలోని ‘ప్రేమియం’. దానికి బహుమానం, ప్రతిఫలం అని అర్థం. తెలుగులో ఈ మాట మొదట బీమా వాయిదా సొమ్ముగా స్థిరపడింది. వ్యాపారప్రకటనల ప్రభావంతో ‘మేలిరకం’ అనే అర్థం తరువాత వచ్చింది. రెండు అర్థాల్లోనూ సమానంగా ఉన్నది చెల్లింపు. సరుకు మేలైనది కనుక ధర ఎక్కువ అన్నది ఈ మాట చేసే సూచన. ధర ఎక్కువ కనుక సరుకు మేలైనది అన్నది వినియోగదారుడు చేసుకొనే అనుమితి. ఈ రెండింటి మధ్య ఉన్న వ్యత్యాసమే బ్రాండుకు బలం.

నెయ్యికి, తేనెకు ప్రమాణాలున్నాయి. ఒక సరుకును ఆ పేరుతో అమ్మాలంటే కొన్ని పరీక్షలకు అది నిలవాలి. ‘ప్రీమియం ఇ-లిక్విడ్’ అనే మాటకు అటువంటి నిర్వచనం లేదు. నిర్వచనం లేని మాట అబద్ధం కాలేదు. అందువల్లనే అది ఎవరికైనా అందుబాటులో ఉంటుంది.

లేబుల్‌పై ఉండే మాటలను ఈ దృష్టితో రెండు వర్గాలు చేయవచ్చు. ‘ఒక మిల్లీలీటరులో 6 మిల్లీగ్రాముల నికోటిన్’, ‘డైఎసిటైల్ లేదు’, ‘ఫార్మకోపియా ప్రమాణానికి చెందిన గ్లిజరిన్’ వంటివి మొదటి వర్గానికి చెందుతాయి. ఇవి నిజమో కాదో ప్రయోగశాల చెప్పగలదు. ‘ప్రీమియం’, ‘కళాత్మకం’, ‘అపురూపం’ వంటివి రెండవ వర్గానికి చెందుతాయి. ఇవి ఏ పరీక్షకూ అందవు. రెండు వర్గాల మాటలూ ఒకే లేబుల్‌పై పక్కపక్కనే ఉండటం వల్ల మొదటి వర్గానికి ఉండే విశ్వసనీయత రెండవ వర్గానికి కూడా సంక్రమిస్తుంది.

3. సీసాలో ఉండేవి:

చౌకదైనా ఖరీదైనదైనా ఇ-లిక్విడ్‌లో ప్రధానంగా నాలుగు పదార్థాలుంటాయి. అవి ప్రొపిలీన్ గ్లైకాల్, కూరగాయల నూనెల నుంచి తీసే గ్లిజరిన్, నికోటిన్, రుచిపదార్థాలు. ప్రొపిలీన్ గ్లైకాల్ పలుచనిది. రుచిని చక్కగా మోస్తుంది, గొంతులో సిగరెట్ తాకిడిని పోలిన అనుభూతిని ఇస్తుంది. గ్లిజరిన్ చిక్కనిది, కొద్దిగా తీపి కలిగినది. దట్టమైన ఆవిరి దానివల్లనే వస్తుంది. ఈ రెండింటిని సగం సగంగానో, 30:70 పాళ్లలోనో కలుపుతారు. నికోటిన్ లేకుండా అమ్మే ద్రవాలూ ఉన్నాయి.

మొత్తం ద్రవంలో అధికభాగం ఈ రెండు ద్రావకాలే. ఇవి ఔషధాల్లోనూ సౌందర్యసాధనాల్లోనూ వాడే సాధారణ పారిశ్రామిక ఉత్పత్తులు. శుద్ధమైన గ్లిజరిన్ అణువు ఏ సీసాలో ఉన్నా ఒకటే. కాబట్టి ఒక ప్రీమియం సీసాకూ, నియమబద్ధంగా తయారైన ఒక సాధారణ సీసాకూ ఉండే తేడా చాలావరకు మిగిలిన చిన్నభాగంలోనే, అంటే రుచిపదార్థాల మేళవింపులోనే ఉంటుంది.

ఆ తేడాను తోసిపుచ్చనవసరం లేదు. పది, పదిహేను రుచిపదార్థాలను సరైన పాళ్లలో కలిపి, కొన్ని వారాలు నిల్వ ఉంచి, ప్రతి విడతలోనూ అదే రుచి వచ్చేట్లు చేయడానికి నైపుణ్యం కావాలి. ఒకే పండు వాసన ఉన్న ద్రవానికీ, వెన్న, వెనీలా, కాల్చిన కొబ్బరి, బాదం పొరలుపొరలుగా తెలిసే ద్రవానికీ భేదం ఉంటుంది. రుచి విషయంలో మంచి ప్రీమియం ఉత్పత్తి తన మాట నిలబెట్టుకోగలదు. అయితే రుచికి వచ్చిన పేరును శుద్ధికి, భద్రతకు కూడా అన్వయించుకోవడం దగ్గర చిక్కు మొదలవుతుంది.

4. శుద్ధిని సూచించే మాటలు:

4.1. ఫార్మకోపియా ప్రమాణం:

‘యూఎస్‌పీ గ్రేడ్’ అనేది లేబుళ్లపై తరచుగా కనిపించే మాట. ఇది అర్థవంతమైనది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మగా వందమందికి పైగా మరణించారు. ఆ విషపదార్థం గ్లిజరిన్‌లోనూ ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనూ 0.10 శాతానికి మించరాదని అమెరికా ఫార్మకోపియా నేడు నిర్దేశిస్తున్నది. 2009లో అమెరికా ఆహార, ఔషధ పాలనాసంస్థ కొన్ని ఇ-సిగరెట్ కార్ట్రిడ్జ్‌లను పరీక్షించినప్పుడు ఒకదానిలో ఈ పదార్థం సుమారు 1 శాతం ఉన్నట్లు తేలింది. ‘నికోటిన్ లేదు’ అని రాసిన కార్ట్రిడ్జ్‌లలో ఒకటి తప్ప మిగిలిన అన్నింటిలోనూ కొద్దిపాటి నికోటిన్ కనిపించింది. కాబట్టి ముడిపదార్థాల ప్రమాణం నిజంగానే పట్టించుకోవలసిన విషయం. అయితే ఈ ప్రమాణం ద్రావకానికి మాత్రమే వర్తిస్తుంది. రుచిపదార్థాలు కలిపిన పూర్తి ద్రవానికి వర్తించదు.

4.2. ఆహారయోగ్యత:

‘ఆహారయోగ్యమైన రుచులు’ అనే మాట మరింత జాగ్రత్తగా చదవవలసినది. అమెరికాలో రుచిపదార్థాలకు ఇచ్చే ‘సాధారణంగా సురక్షితం’ అనే గుర్తింపు తినే ఆహారానికి సంబంధించినది. ఆ గుర్తింపు ఇ-సిగరెట్ల వాడకానికి వర్తించదని అక్కడి రుచిపదార్థాల ఉత్పత్తిదారుల సంఘమే స్పష్టం చేసింది. తిన్న పదార్థం జీర్ణాశయంలోని ఆమ్లాన్ని, కాలేయాన్ని దాటి రక్తంలో కలుస్తుంది. పీల్చిన పదార్థం నేరుగా ఊపిరితిత్తుల పలుచని పొరను తాకుతుంది. ఒక మార్గంలో నిరపాయమైనది మరొక మార్గంలోనూ నిరపాయమే అనడానికి వీల్లేదు.

4.3. సహజం, కృత్రిమం:

వెనీలా కాయ నుంచి తీసిన వెనిలిన్, కర్మాగారంలో తయారైన వెనిలిన్ ఒకే అణువు. కాయ నుంచి తీసిన సారంలో వెనిలిన్‌తోపాటు మరెన్నో పదార్థాలు కూడా వస్తాయి. రుచికి అవి మేలు చేయవచ్చు. పీల్చడానికి అనువైనవని అందువల్ల రుజువు కాదు. ‘సహజం’ అనే మాట పుట్టుకను చెబుతుందే తప్ప ప్రభావాన్ని చెప్పదు.

4.4. శుభ్రమైన గది:

‘ఐఎస్‌ఓ 7 తరగతి గదిలో తయారైనది’ అనే హామీ వినడానికి చాలా శాస్త్రీయంగా ఉంటుంది. ఘనమీటరు గాలిలో 0.5 మైక్రోమీటర్లు, అంతకు మించిన పరిమాణం గల ధూళికణాలు 3,52,000 కంటే ఎక్కువ ఉండరాదన్నది దాని అర్థం. ఇది గది గాలికి కొలత. సీసాలో ఏ రసాయనం పోశారన్న ప్రశ్నకు ఇది సమాధానం కాదు. అనవసరమైన రసాయనాన్ని అత్యంత శుభ్రమైన గదిలో కూడా కలపవచ్చు.

5. రుచియే సమస్యగా మారిన సందర్భం:

వెన్న వాసనకు కారణమైన పదార్థాల్లో డైఎసిటైల్ ముఖ్యమైనది. 2000 సంవత్సరంలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ కర్మాగారంలో పనిచేసిన ఎనిమిదిమందికి చిన్న శ్వాసనాళాలు మూసుకుపోయే తీవ్రవ్యాధి ఉన్నట్లు బయటపడింది. వెన్నరుచి ఆవిరిని దీర్ఘకాలం పీల్చడమే అందుకు కారణమని 2002లో ప్రచురితమైన పరిశోధన సూచించింది. తిన్నవారికి హాని చేయని వెన్నరుచి పీల్చినవారికి హాని చేసింది. డైఎసిటైల్‌కు బదులుగా కొందరు తయారీదారులు వాడిన 2,3-పెంటేన్‌డయోన్ కూడా అదే కుటుంబానికి చెందిన డైకీటోన్. దీనికే ఎసిటైల్ ప్రొపియొనిల్ అని మరొక పేరు.

ఇ-లిక్విడ్లలో ఈ పదార్థాలను వెతికిన రెండు అధ్యయనాలు ప్రసిద్ధమైనవి. ఫార్సలినోస్ బృందం 2014లో వెలువరించిన పరిశోధనలో 159 తీపిరుచి ద్రవాలను పరీక్షించగా 74.2 శాతం నమూనాల్లో ఈ రెండింటిలో ఏదో ఒకటి కనిపించింది. డైఎసిటైల్ ఉన్న నమూనాల్లో దాదాపు సగం వృత్తిపరమైన భద్రతాపరిమితిని మించిన మోతాదుకు దారితీసేవని వారు లెక్కకట్టారు. సిగరెట్ పొగలో డైఎసిటైల్ ఇంకా చాలా ఎక్కువగా ఉంటుందనీ, అయితే ద్రవంలో ఇది తప్పించగల ప్రమాదమనీ వారే పేర్కొన్నారు. 2015 చివర హార్వర్డ్ పరిశోధకులు 51 రుచులను పరీక్షించగా 39 రుచుల్లో డైఎసిటైల్ కనిపించింది. కర్మాగారపు కార్మికుల అనుభవాన్ని యథాతథంగా వేపింగ్ చేసేవారికి అన్వయించరాదు. కాని అనవసరమైన ప్రమాదాన్ని కొనుగోలుదారుకు తెలియకుండా ఉంచడం సమర్థనీయం కాదు.

ప్రీమియం అనే భావనకు ఈ విషయంతో సన్నిహిత సంబంధం ఉంది. కాలిఫోర్నియాకు చెందిన ఫైవ్ పాన్స్ అనే బ్రాండు ఆ రోజుల్లో ఖరీదైన ద్రవాలకు ప్రతీకగా ఉండేది. ఆ పేరు చదరంగం నుంచి తీసుకొన్నది. రుచులకు కూడా ‘గ్రాండ్‌మాస్టర్’, ‘క్యాజిల్ లాంగ్’, ‘క్వీన్‌సైడ్’ వంటి చదరంగపు పేర్లే పెట్టారు. 2015లో బ్రిటన్‌లో ఆ సరుకును అమ్ముతున్న ఒక విక్రయసంస్థ స్వయంగా పరీక్షలు చేయించి, కొన్ని రుచుల్లో డైకీటోన్లు గణనీయంగా ఉన్నట్లు ప్రకటించింది. తరువాత ఉత్పత్తిదారు కూడా తన పరీక్షాఫలితాలను వెల్లడించాడు. వినియోగదారుల తరఫున కాలిఫోర్నియాలో ఆ సంస్థపై వ్యాజ్యం కూడా దాఖలైంది.

ఈ సందర్భాన్ని ‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెతతో ముగించడం సులభం. కాని జరిగింది దానికి కొంత భిన్నమైనది. లోపల ఉన్నది నాసిరకం సరుకు కాదు. అరటి, వేరుశెనగ వెన్న, కారమెల్ వంటి రుచులను నిండుగా అందించే సరుకే. ఆ నిండుదనానికి తోడ్పడే పదార్థాల్లోనే డైకీటోన్లు కూడా ఉంటాయి. సాదా పుదీనా రుచి ద్రవానికి వాటి అవసరం లేదు. అంటే, ఏ గుణాన్ని చూపి ఒక ద్రవాన్ని ఉత్తమమైనదిగా అమ్ముతారో, ఆ గుణమే దానిని అనుమానించవలసిన కారణం కావచ్చు. రుచి విషయంలో నిలిచిన మాట శుద్ధి విషయంలో నిలవకపోవడం ఇక్కడ యాదృచ్ఛికం కాదు. ఈ విషయం బయటపడినది ధరవల్ల కాదు, పేరువల్ల కాదు, ప్రయోగశాల నివేదికవల్ల.

6. సీసా నుంచి ఊపిరితిత్తుల వరకు:

ముడిపదార్థాలన్నీ శుద్ధమైనవేనని అంగీకరించినా సమస్య పూర్తి కాదు. సీసాలో పోసిన పదార్థాలు అక్కడ నిశ్చలంగా ఉండవు. వెనిలిన్, దాల్చినచెక్క వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్ వంటి ఆల్డిహైడ్లు ప్రొపిలీన్ గ్లైకాల్‌తో గది ఉష్ణోగ్రతలోనే చర్య జరిపి ఎసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారతాయి. 2018లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన ఆల్డిహైడ్‌లో 40 శాతానికి పైగా ఇలా మారిపోగలదని చూపింది. ప్రీమియం తయారీదారులు గర్వంగా చెప్పుకొనే ‘మాగబెట్టడం’ జరిగే కాలంలోనే ఈ మార్పు కూడా జరుగుతుంది. లేబుల్‌పై ఉన్న జాబితా కలిపిన పదార్థాలది. సీసా తెరిచేనాటికి ఉన్న పదార్థాలది కాదు.

తరువాతి దశ వేడి. కాయిల్ వేడెక్కినప్పుడు ద్రావకాలు కొంతవరకు విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్ వంటివి ఏర్పడతాయి. 2015లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో 3.3 వోల్టుల వద్ద కనిపించని ఫార్మాల్డిహైడ్ సమ్మేళనాలు 5 వోల్టుల వద్ద కనిపించాయి. అంత వేడిలో ఆవిరి మాడువాసన కొట్టి ఎవరూ పీల్చలేరని ఆ పరిశోధనపై విమర్శ కూడా వచ్చింది. ఈ చర్చ ఎలా ఉన్నా ఒక విషయం స్పష్టం. పీల్చే ఆవిరి స్వభావాన్ని ద్రవం ఒక్కటే నిర్ణయించదు. పరికరం, వేడి, పీల్చే తీరు కలిసి నిర్ణయిస్తాయి. వీటిపై ద్రవం తయారీదారుకు అదుపు లేదు.

మరొక సంఘటన ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 2019లో అమెరికాలో వేపింగ్‌తో ముడిపడిన తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి వ్యాపించింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల్లో చేరినట్లు, 68 మంది మరణించినట్లు నమోదైంది. ప్రధానకారణంగా గుర్తించినది గంజాయి సారంతో చేసిన ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. ఆ ద్రవాలు ఎక్కువగా అక్రమమార్గాల్లో దొరికినవి. నికోటిన్ ఇ-లిక్విడ్లను ఆ సంఘటనతో కలిపి చూడరాదు. అయితే చర్మానికి పూసే లేపనాల్లోనూ, మింగే మాత్రల్లోనూ మేలుచేసేదిగా పేరున్న పదార్థం ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైందన్న పాఠం అందరికీ వర్తిస్తుంది.

7. చట్టం గుర్తించిన మాటలు, గుర్తించని మాట:

ఐరోపా సమాఖ్య 2014లో చేసిన పొగాకు ఉత్పత్తుల ఆదేశం 2016 నుంచి అమలైంది. దాని ప్రకారం మిల్లీలీటరుకు నికోటిన్ 20 మిల్లీగ్రాములు మించరాదు. నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లు మించరాదు. వాడే పదార్థాలు అధికశుద్ధి కలవై ఉండాలి. విటమిన్లు, కెఫీన్ వంటివి కలపరాదు. మార్కెట్‌లోకి తెచ్చే ఆరునెలల ముందే వివరాలు ప్రభుత్వానికి సమర్పించాలి. బ్రిటన్ డైఎసిటైల్‌ను కూడా ఇ-లిక్విడ్లలో నిషేధించింది. ఈ నియమాలు చౌక సీసాకూ ఖరీదైన సీసాకూ సమానంగా వర్తిస్తాయి. ఒకనాడు మేలిరకానికి గుర్తుగా చెప్పుకొన్న శుద్ధి అక్కడ కనీస నియమంగా మారింది.

భాష విషయంలో ఆ ఆదేశం మరింత ఆసక్తికరమైనది. ఉత్తేజాన్నిచ్చేది, స్వస్థపరచేది, సహజమైనది, సేంద్రియమైనది అనే సూచనలు లేబుల్‌పై ఉండరాదని అది నిషేధించింది. ‘ప్రీమియం’ అనే మాట ఆ జాబితాలో లేదు. స్పష్టమైన అర్థమున్న మాటలు నిషేధానికి గురికాగా, స్పష్టమైన అర్థంలేని మాట మిగిలిపోయింది. నిషిద్ధమైన మాటలు చెప్పగలిగిన భావాన్నంతా ఇప్పుడు ఆ ఒక్క మాటే మోస్తున్నది.

అమెరికాలో 2016 నుంచి ఆహార, ఔషధ పాలనాసంస్థ పరిధిలోకి ఈ ఉత్పత్తులు వచ్చాయి. 2018 మే నెలలో ఆ సంస్థ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కలిసి పిల్లల పండ్లరసం డబ్బాలను, మిఠాయిలను, బిస్కట్లను పోలిన ప్యాకింగ్‌తో ద్రవాలు అమ్ముతున్నవారికి 13 హెచ్చరిక లేఖలు పంపాయి. ప్యాకింగ్ కూడా మాట్లాడుతుందనీ, ఆ మాటకూ బాధ్యత ఉంటుందనీ ఈ చర్య గుర్తించింది.

8. భారతదేశ సందర్భం:

మన దేశంలో 2019 నాటి చట్టం ఇ-సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారాలను నిషేధించింది. నిల్వ మినహా మిగిలినవాటిలో తొలి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అందువల్ల ఇక్కడ చాటుగా అమ్ముడయ్యే సీసాపై ఉన్న ‘ప్రీమియం’ అనే మాటకు పైన చెప్పిన ఏ రక్షణా లేదు. నమోదు లేదు, విడత నివేదిక లేదు, మోసపోయిన కొనుగోలుదారు ఫిర్యాదు చేసే దారి లేదు. అసలు సీసానా, నకలు సీసానా అన్నదీ తేలదు. లేబుల్ విలువ దాని వెనుక ఉన్న వ్యవస్థను బట్టి ఉంటుంది. వ్యవస్థ లేనిచోట అది ముద్రించిన కాగితం మాత్రమే.

ఉన్నతవిద్యకోసం అమెరికా, బ్రిటన్ దేశాలకు వెళ్లే తెలుగు విద్యార్థులకు ఈ సీసాలు చట్టబద్ధంగానే దుకాణాల్లో కనిపిస్తాయి. ఆ విద్యార్థులకు ఈ లేబుళ్లను చదవడం తెలిసి ఉండటం అవసరం.

9. ముగింపు:

- ప్రీమియం ఇ-లిక్విడ్లు రుచి, మేళవింపు, ఆకర్షణ విషయాల్లో తమ పేరుకు తగినట్లు ఉండవచ్చు. అదనపు ధర ముఖ్యంగా వీటికే.
- ద్రావకాల శుద్ధి నియమబద్ధమైన మార్కెట్‌లో అందరికీ సమానమైన కనీసనియమం. దానిని ప్రత్యేకతగా చూపడం అతిశయోక్తి.
- ఫార్మకోపియా ప్రమాణం, ఆహారయోగ్యత, శుభ్రమైన గది అనే హామీలు ఒక్కొక్కటి ఒక్కొక్క పరిమిత విషయానికి చెందినవి. వాటిని కలిపినా ‘పీల్చడానికి సురక్షితం’ అనే హామీ ఏర్పడదు.
- నిండైన వెన్న, మీగడ రుచులు డైకీటోన్ల విషయంలో ఎక్కువ పరీక్ష అవసరమైనవి. విడతవారీ ప్రయోగశాల నివేదిక ఒక్కటే ఇందుకు ఆధారం.
- ఇ-సిగరెట్లు సిగరెట్ మానడానికి కొందరికి తోడ్పడుతున్నాయని కోక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. ఆ ప్రయోజనం నికోటిన్ అందడం వల్ల, పొగ లేకపోవడం వల్ల కలిగేది. సీసా ఖరీదు వల్ల కలిగేది కాదు. సిగరెట్ తాగనివారికి ఆ ప్రయోజనమూ లేదు.

సిగరెట్ మానాలని రెండు సీసాల ముందు నిలబడిన వ్యక్తి ధరనూ పేరునూ పక్కనపెట్టి, ‘ఈ విడత పరీక్షా నివేదిక ఉన్నదా, అందులో ఏమేమి వెతికారు?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం చూపగలిగిన సీసాయే, దాని ధర ఎంతైనా, తన మాట నిలబెట్టుకొన్నట్లు.